రాసి లేకపోతే జరగనట్టే

కర్నూలు రోడ్డులో సెల్‌ఫోన్ల షాపు పైన
రెండో అంతస్తు. మెట్ల మలుపులో సగం చిరిగిన ఫ్లెక్సీ:
'మెడికల్ కోడింగ్, మూడు నెలలు, ఉద్యోగం...'
ఎక్కడ, ఎంత జీతమన్నది గాలికి పోయిన సగంలో ఉంది.

ఇరవై ఆరు మందిమి, నాలుగు ఫ్యాన్లు.
బీఎస్సీ బాటనీ నేను, బీఫార్మసీ గౌసియా,
మద్దిపాడు నుంచి రోజూ ఆలస్యంగా దిగే ఏసోబు.
నా పుస్తకం సెకండ్‌హ్యాండు. లోపలి అట్ట మీద పెన్సిలుతో
'డి. హైమావతి, రెండో బ్యాచ్.'
ఆవిడకి ఉద్యోగం వచ్చిందో లేదో
పేజీల్లో వెతుకుతుంటాను.
గుండె దాకా గీతలున్నాయి.
ఎముకల అధ్యాయం ఎవరూ తాకలేదు.

మొదటి వారమంతా నవ్వులే.
బాతు తగిలితే ఒక కోడు.
ఆవు కుమ్మితే ఒక కోడు.
"మరి గిత్త కుమ్మితే సార్? ఒంగోల్లో ఉండి అడుగుతున్నా,"
అన్నాడు ఏసోబు.
ప్రభుదాసు సారు పుస్తకం అటూ ఇటూ తిరగేసి
"అదీ ఆవు కిందే రాయి" అన్నారు.
గిత్తకి తెలిస్తే ఊరుకుంటదా!
అందరూ పడీ పడీ నవ్వారు.
నేను అరచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను.
కనిగిరి వైపు పిల్లని గదా,
చెయ్యి దానంతటదే లేస్తుంది.

పదకొండో అధ్యాయం జీర్ణకోశం.
పళ్ళతో మొదలవుద్ది.
కె, సున్నా, సున్నా, చుక్క, మూడు.
మచ్చల పళ్ళు.
ఇంటర్ హాల్‌టికెట్టుకి ఫోటో తీసేవాడు
"నోరు మూసుకో అమ్మాయ్" అన్నదానికి
ఎక్కడో ఎవరో నాలుగక్షరాలు కేటాయించి పెట్టారు.
ఎందుకో కాస్త ధైర్యం వచ్చింది.

రెండు వారాలకి ఎముకలు.
ఎం, ఎనభై అయిదు, చుక్క, ఒకటి.
ఇది మా తిరుపాలత్త.
నలభై నాలుగేళ్ళకే నడుం విల్లయింది,
ఎవరన్నా పిలిస్తే మెడ కాదు, మనిషంతా తిరగాలి.
పొదిలి కాడ పొగాకు గ్రేడింగులో
ఆకు చేతికి రాగానే రకం తేల్చి పక్కనేసేది.
దేన్నీ రెండోసారి చూసేది కాదు.
నా ఫీజు పద్దెనిమిది వేలల్లో
ఆరు వేలు ఆ వేళ్ళవి.

హైమావతి వదిలేసిన చోట నేను గీత గీశాను.

అత్త మందుల చీటీ ఫోన్లో ఉంటే సారుకి చూపించాను.
డాక్టరు రాసింది ఒక్కటే మాట: నొప్పులు.
"నొప్పులైతే ఆర్ యాభై రెండు. అంతకంటే వెయ్యలేం."
"నీళ్ళు సార్ అది. బోరు నీళ్ళు. మా వీధంతా అంతే."
"నీకు తెలుసు. నాకూ తెలుసు. మాది పామూరు,"
అని మీసం కింద పెదవి ఎత్తి చూపించారు.
ఇన్నాళ్ళలో ఆయన పళ్ళు చూడ్డం అదే మొదలు.
"కోడరు ఊహించకూడదమ్మా.
రాసి లేకపోతే జరగనట్టే."

మొదటి రోజు నుంచీ బోర్డు మీదున్న వాక్యమే.
నోట్సులో రెండు రంగుల్లో రాసుకున్నదే.

ఆ రాత్రి హాస్టల్లో ప్రాక్టీసు చార్టు:
అరవై ఏడేళ్ళ ఆడమనిషి, పేరు కొట్టేశారు,
మెట్ల మీద జారింది, ఎడం మణికట్టు.
ఇంట్లో ఏ చోటో, ఆ వేళ ఏం చేస్తుందో,
చూపించుకోడానికి రావడం మొదటిసారో రెండోసారో,
అన్నిటికీ కోడు.
ఎంత వివరంగా పడింది ఆ తల్లి!
మా అత్త ఇరవయ్యేళ్ళు మెల్లగా వంగడం
ఎక్కడా జరగలేదు.

శనివారం కనిగిరి బస్సెక్కాను.
అత్త గడపలో అలసందలు ఒలుస్తోంది.
"ఒంగోలు పెద్దాసుపత్రికి పోదాం."
"ఏం, తగ్గిస్తారా?"
"తగ్గదు."
"మరెందుకే?"
"రాయించుకోడానికి."

అత్త నోరారా నవ్వింది.
నాలాగా చెయ్యి అడ్డం పెట్టుకోదు.
ఆ చెయ్యి అంత ఎత్తు లేవదు.

"రానూపోనూ ఎంతవుద్దో చెప్పు ముందు,"
అంది, ఒలిచిన గింజలు నా వైపు తోస్తూ,
"సోమారమైతే వద్దు. సోమారం కూలుంది."